ఉంగరం పట్టి లాగి వేలు ఊడొస్తే ఏం చేయాలి

గోడ దిగుతుంటేనో, లారీ మీంచి దూకుతుంటేనో ఉంగరం ఏ మేకుకో తగులుకుంటుంది, ఒంటి బరువంతా ఆ ఒక్క వేలి మీద పడుతుంది. ఒక్కోసారి ఎముక అలాగే ఉండి చర్మం మాత్రం గ్లౌజు తీసినట్టు ఊడొస్తుంది, ఒక్కోసారి వేలే తెగిపోతుంది.

ముందు చెయ్యి చూడండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టి, గుండె కంటే ఎత్తులో ఉంచండి. చాలావరకు రక్తం దీంతోనే ఆగుతుంది, వేలి మొదట్లో దారాలూ రబ్బరు బ్యాండ్లూ బిగించకండి. వేలు కాస్త చర్మంతో వేలాడుతుంటే ఎలాగూ పోయిందిలే అని కత్తిరించొద్దు, ఆ ముక్కలో ఒక్క రక్తనాళం మిగిలున్నా సర్జన్‌కి సగం పని తప్పుతుంది. ఆపరేషన్‌కి మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి తినడానికీ తాగడానికీ ఏమీ పెట్టకండి.

ఇక ఊడిన వేలు. జనం ఎక్కువ తప్పు చేసేది ఇక్కడే, కంగారులో తీసుకెళ్లి నేరుగా ఐసులో పడేస్తారు. ఐసు తగిలిన కణజాలం గడ్డకట్టి చచ్చిపోతుంది, అలాగని నీళ్లలో నానబెట్టినా పాడే. సెలైన్‌తో పైపైన కడిగి (లేకపోతే మంచినీళ్లు, రుద్దొద్దు), తడిపి పిండిన గాజుగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించండి, ఆ కవర్ని ఐసూ నీళ్లూ కలిపి పోసిన ఇంకో కవర్లో ఉంచండి. చర్మం ఉంగరంలోనే ఇరుక్కుని ఉంటే లాగి తీయకుండా ఉంగరంతో సహా అలాగే చుట్టండి. వేలు ఎన్నింటికి ఊడిందో కవరు మీద రాయండి. వేలిలో కండ ఉండదు కాబట్టి చల్లగా ఉంచితే దాదాపు 24 గంటలు, బయట వదిలేస్తే 12 గంటల దాకా ఆశ ఉంటుంది, అయినా ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది. బయల్దేరే ముందే ఫోన్ చేసి మైక్రోసర్జరీ చేసే డాక్టరు ఉన్నారా అని కనుక్కోండి, లేకపోతే రెండు ఆసుపత్రులు తిరగడంలోనే టైం పోతుంది.

కత్తికి తెగిన వేలు అతికించడం కంటే ఇది కష్టం. మనం అన్నిటినీ నరాలే అనేస్తాం గానీ రక్తనాళాలు వేరు, స్పర్శ తెలిపే నాడులు వేరు, లాగుడుకి రెండూ సాగి చిరుగుతాయి. రక్తనాళం పైకి బాగానే కనిపించినా గాయానికి దూరంగా కూడా లోపలి పొర చిట్లి ఉంటుంది. ఆ పాడైన ముక్కంతా కోసేసి, ముంజేతి నుంచో పాదం నుంచో సిర ముక్క తెచ్చి మధ్యలో అతుకుతారు, మైక్రోస్కోప్ కింద, వెంట్రుక కంటే సన్నని దారంతో. గంటల తరబడి పడుతుంది.

తర్వాతి కొద్ది రోజులే అసలు టెన్షన్. నర్సు వచ్చి గోరు నొక్కి వదులుతుంటారు, తెల్లబడిన చోట రెండు క్షణాల్లో మళ్లీ ఎరుపు రావాలి. వేలు పాలిపోతే రక్తం రావట్లేదని, నీలంగా ఉబ్బితే వచ్చిన రక్తం తిరిగి పోవట్లేదని అర్థం. ఆ రెండోదానికి ఇప్పటికీ జలగలు వాడతారు, చూసి దడుచుకోకండి. సిగరెట్ మాత్రం ఒక్కటి కూడా వద్దు, పక్కవాళ్లది కూడా, రక్తనాళాలు ముడుచుకుపోతాయి.

వేలు బతికినా పాత వేలు కాదు. నాడి రోజుకి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, స్పర్శకి నెలలు పడుతుంది, కీళ్లు బిగుసుకుంటాయి, చలికి సలుపుతుంది. అందుకే కొన్ని గాయాల్లో అతికించకుండా తీసేయడమే నయమని డాక్టరు చెప్పొచ్చు. అప్పుడు కోపం తెచ్చుకోకుండా ఒక్కటే అడగండి: అతికిస్తే ఈ వేలు వంగుతుందా, లేక కర్రలా పక్క వేళ్లకి అడ్డం పడుతుందా?