తెరమీది స్లైడ్ రూల్‌తో లెక్క కట్టడం ఎలా?

1614లో జాన్ నేపియర్, గుణకారాన్ని కూడికగా మార్చే సంవర్గమానాలను (లాగరిథమ్‌లను) ప్రకటించాడు. ఆ తరువాత 1620లలో విలియం ఆట్రెడ్, సంవర్గమానాల ప్రకారం గీతలు గీసిన రెండు కొలబద్దలను పక్కపక్కన పెట్టి జరిపితే గుణకారం చేయవచ్చని చూపాడు. 1972లో హెచ్‌పీ-35 అనే చేతి కాలిక్యులేటర్ వచ్చేదాకా ఇంజనీర్ల లెక్కలకు స్లైడ్ రూల్ అనే ఆ పనిముట్టే ఆధారం. ఈనాడు అది కంప్యూటర్ తెరమీద, చేత్తో పట్టి లాగినట్టే జరిగే నమూనాగా దొరుకుతున్నది. దానిని వాడే పద్ధతిని గోదావరి డెల్టాలో రోజూ వినిపించే లెక్కలతోనే ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా భాగాలు, గీతలు

నమూనాను తెరవగానే పైన, కింద కదలని చట్టమూ, మధ్యలో ఎడమకూ కుడికీ జరిగే పలకా, వీటన్నిటి మీదుగా జారే కర్సరూ కనిపిస్తాయి. కర్సర్ మధ్యలో నిలువుగా ఒక సన్నని గీత ఉంటుంది. పలకను, కర్సర్‌ను మౌస్‌తోగాని వేలితోగాని పట్టి లాగాలి. ఫోన్‌లో అయితే తెరను అడ్డంగా తిప్పి, బొమ్మను పెద్దది చేసుకున్న తరువాతే మొదలుపెట్టండి. కొన్ని నమూనాలు కర్సర్ ఉన్నచోటి విలువను అంకెల్లో చూపిస్తాయి. నేర్చుకునే రోజుల్లో ఆ సదుపాయాన్ని ఆపివేయడం మంచిది, ఎందుకంటే గీతలను కంటితో చదవడమే ఇక్కడ నేర్వవలసిన అసలు విద్య.

పలక కింది అంచున సీ (C) స్కేలు, దానిని ఆనుకుని కింది చట్టం మీద డీ (D) స్కేలు ఉంటాయి. రెండూ 1 నుంచి 10 దాకా ఒకే తీరున ఉంటాయి. కుడి చివర ఉన్న 10ని చాలాచోట్ల 1 అనే రాస్తారు. అంకెల మధ్య దూరాలు సమానంగా ఉండవు. 1 నుంచి 2కు ఉన్న దూరమే 2 నుంచి 4కు, 4 నుంచి 8కి కూడా ఉంటుంది, కాబట్టి కుడివైపుకు పోయేకొద్దీ గీతలు దగ్గరపడతాయి. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. సాధారణ స్లైడ్ రూల్‌లో 1, 2 మధ్య ఒక్కొక్క చిన్న గీత విలువ 0.01, 2 నుంచి 4 దాకా 0.02, 4 దాటితే 0.05. 1, 2 మధ్య చిన్న అక్షరాలతో ఉన్న 4ను చూసి అసలు 4 అనుకోకూడదు, అది 1.4. లెక్క జోలికి పోకముందు కర్సర్‌ను డీ స్కేలు మీద 1.44, 2.42, 4.84 దగ్గర నిలిపి చూడండి. మొదటిది చిన్న 4 దాటాక నాలుగో గీత, రెండోది 2.4 తరువాతి మొదటి గీత, మూడోది 4.85 గీతకు కాస్త ఎడమన, గీతే లేనిచోట పడుతుంది.

గుణకారం

రెండెకరాల నలభై సెంట్ల చేనులో ఎకరాకు 35 బస్తాల చొప్పున ధాన్యం పండితే మొత్తం ఎంత? పలకను తాకకముందే నోటిలెక్క వేయండి: రెండెకరాలకు 70, మిగిలిన దానికి మరికొంత, కాబట్టి 80కి పైమాటే. ఈ అంచనా లేకుండా స్లైడ్ రూల్ పనికిరాదని నా గట్టి నమ్మకం, ఎందుకంటే అది అంకెలను మాత్రమే ఇస్తుంది, దశాంశ బిందువును మనమే పెట్టుకోవాలి.

ఇప్పుడు సీ మీది ఎడమ 1ని డీ మీది 2.4కు ఎదురుగా తెండి. కర్సర్‌ను సీ మీద 3.5కు జరిపి, గీత కింద డీ మీద చదివితే 8.4 వస్తుంది. అంచనా ప్రకారం అది 84 బస్తాలు.

బస్తా 75 కిలోలైతే క్వింటాళ్లు ఎన్నో తెలియడానికి 84ను 0.75తో గుణించాలి. ఎడమ 1ని 8.4 దగ్గర పెడితే సీ మీది 7.5 చట్టం దాటి బయటికి పోతుంది. అప్పుడు కుడి చివరి 1ని 8.4 దగ్గర పెట్టండి, సీ 7.5 కింద డీ మీద 6.3 వస్తుంది, అంటే 63 క్వింటాళ్లు. భాగహారం దీనికి తిరుగుదారి: డీ మీది విభాజ్యానికి ఎదురుగా సీ మీది భాజకాన్ని తెచ్చి, సీ మీది 1 ఎదుట ఉన్న డీ అంకెను చదవాలి.

ఒకసారి అమర్చి, ఎన్నోసార్లు చదవడం

స్లైడ్ రూల్ గొప్పతనం మార్పిడి లెక్కల్లో తెలుస్తుంది. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. సీ మీది కుడి 1ని డీ మీది 4.84 దగ్గర నిలిపితే ఇక పలకను కదపనక్కరలేదు: సీ మీద 3 సెంట్లకు కింద 145, 5కు 242, 8కి 387 గజాలు వరుసగా కనిపిస్తాయి. 2 సెంట్లకు మాత్రం ఎడమ 1తో మళ్లీ అమర్చుకోవాలి. ఇందులో మూడు అంకెల వరకే నమ్మవచ్చు కాబట్టి రిజిస్ట్రేషన్ కాగితాలకు ఈ విలువలు చాలవు.

పంటకాలువలో పారే నీటి లెక్కకు మాత్రం మూడు అంకెలు పుష్కలం. నీటి వెడల్పు 3.2 మీటర్లు, లోతు 0.75 మీటర్లు, సగటు వేగం సెకనుకు 0.6 మీటర్లు అనుకుందాం. కుడి 1ని డీ 3.2 దగ్గర పెట్టి, కర్సర్‌ను సీ 7.5కు జరపండి. అక్కడ వచ్చినది చదవకుండానే పలక కుడి 1ని కర్సర్ గీత కిందికి లాగి, కర్సర్‌ను సీ 6కు జరపండి. డీ మీద 1.44 వస్తుంది. మూడును ముప్పావుతో గుణిస్తే రెండుంబావు, అందులో సగానికి కొంచెం పైన అన్న అంచనాతో అది సెకనుకు 1.44 ఘనపు మీటర్లు. క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు) కావాలంటే 35.3తో గుణించాలి, కాబట్టి ఎడమ 1ని అదే గీత కిందికి తెచ్చి సీ 3.53 దగ్గర చదవండి, 50.8 వస్తుంది.

వర్గమూలం

పై చట్టం మీది ‘ఏ’ (A) స్కేలులో 1 నుంచి 10 దాకా వరుస రెండుసార్లు వస్తుంది. ‘ఏ’ మీది అంకెకు వర్గమూలం, కర్సర్ గీత కింద డీ మీద ఉంటుంది. ఎకరం, అంటే 4840 చదరపు గజాలు, చతురస్రంగా ఉంటే భుజం ఎంత? కుడివైపు నుంచి రెండేసి అంకెలుగా విడదీయండి: 48, 40. మొదటి జతలో రెండంకెలు ఉన్నందున ‘ఏ’ స్కేలు కుడి సగంలో 4.84 దగ్గర కర్సర్‌ను నిలపాలి. డీ మీద 6.96, అంటే 69.6 గజాలు. ఎడమ సగంలో నిలిపితే 2.2 వస్తుంది. 70ని 70తో గుణిస్తే 4900 అని ముందే అనుకున్నవారికి ఆ 2.2 తప్పని వెంటనే తెలిసిపోతుంది.