1968 నాటి జపాన్ పాము అమ్మాయి సినిమా ఎలా చూడాలంటే

పాము సినిమా అనగానే మనకి పగబట్టిన నాగు, పుట్ట, పాలు, వెనకాల నాగస్వరం గుర్తొస్తాయి కదా, ముందు అవన్నీ బుర్రలోంచి తీసేయండి, లేకపోతే ‘ది స్నేక్ గర్ల్ అండ్ ది సిల్వర్ హెయిర్డ్ విచ్’ పెట్టుకుని ఆ పాము ఎప్పుడు పగ తీర్చుకుంటుందా అని 82 నిమిషాలూ ఎదురుచూస్తూనే ఉంటారు. 1968 లో దాయెయ్ అనే జపాన్ సినిమా కంపెనీ వాళ్ళు తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా, కథ కజువో ఉమెజు గీసిన మాంగాల్లోంచి (అంటే జపాన్ కామిక్స్) తీసుకున్నారు, డైరెక్టరేమో గామెరా అనే రాకాసి తాబేలు సినిమాలు తీసిన నోరియాకి యువాసా.

రాత్రి పూటే చూడండి. నేను ఫస్ట్ టైమ్ మధ్యాహ్నం కర్టెన్ వెయ్యకుండా పెట్టా, చీకటి సీన్ వచ్చిన ప్రతిసారీ స్క్రీన్ మీద నా మొహమే కనిపించింది (అదీ కొంచెం భయంగానే ఉందిలెండి). టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికల్ని మరీ నున్నగా చేసే సెట్టింగ్) ఆఫ్ చేసేయండి, రంగులు పెంచే వివిడ్ మోడ్ అసలొద్దు, తెలుపంతా నీలంగా కొడుతుంది.

ఇక అసలు విషయం. సయూరి అనే పిల్ల అనాథాశ్రమం నుంచి సొంతింటికి వస్తుంది, నాన్నకి పాముల మీద రీసెర్చ్, అమ్మకి యాక్సిడెంట్ తర్వాత మతిమరుపు, పైగా ఇంట్లో తమామి అని ఇంకో పిల్ల ఉంటుంది, తేడాగా. మీరు సయూరి పక్కన, ఆ పిల్ల ఎత్తులోనే కూర్చుని చూడాలి. తను చూసింది చెప్తే పెద్దోళ్ళు నమ్మరు. చిన్నప్పుడు అటక మీద ఏదో ఉందంటే “ఏం లేదు పడుకో” అన్నారు చూడండి, అచ్చం అదే భయం. కల సీన్లలో సుడులు గిర్రున తిరుగుతాయి, రబ్బరు పాములు తెలిసిపోతాయి, నవ్వొస్తే నవ్వుకోండి కానీ ఫాస్ట్ ఫార్వర్డ్ మాత్రం చెయ్యకండి, పిల్లల కల అలాగే కదా ఉండేది. అసలు జపాన్‌లో డిసెంబర్ 1968 లో దీన్ని ఒక యోకాయ్ దెయ్యాల సినిమాతో కలిపి డబుల్ బిల్‌గా, అంటే రెండూ ఒకే షోలో, వేశారు.

మాంగా మాత్రం సినిమా అయ్యాకే చదవండి. 1965 లో షోజో ఫ్రెండ్ అనే అమ్మాయిల పత్రికలో ఉమెజు మొదలుపెట్టిన పాము కథలో, హాస్పిటల్లో ఉన్న అమ్మ బదులు పామే అమ్మ రూపంలో ఇంటికొచ్చేస్తుంది, నాకైతే సినిమా కన్నా అదే ఎక్కువ వణుకు పుట్టించింది.

ఆ, మర్చిపోయా, సినిమాలో ట్యాక్సీ వచ్చినప్పుడు డ్రైవర్ మొహం ఓసారి సరిగ్గా చూడండి, ఆయనే ఉమెజు.