సర్వర్ ఎప్పుడు ఆగింది, ఎప్పుడు లేచింది: పాత రికార్డు దొరకనప్పుడు

ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి లేచిందంటే కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు వైపు కరెంటు పోతుంది. యూపీఎస్ బ్యాటరీ దిగిపోయేసరికి ఆసుపత్రి సర్వరో, మిల్లు సర్వరో ఒరిగిపోతుంది. కరెంటు వచ్చాక ఎవరో ఆన్ చేస్తారు, పని సాగిపోతుంది. ఏడాది చివర ఆడిటర్ వచ్చి "మొత్తం ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపు?" అని అడిగినప్పుడే చిక్కు.

వెతకడం మొదలుపెట్టకముందే ఉన్న లాగ్‌లన్నీ (సర్వర్ తనంతట తాను రాసుకునే రికార్డులు) వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. పాత లాగ్‌లు వాటంతట అవే చెరిగిపోతుంటాయి. మీకు కావాల్సిన నెల రేపటికి ఉండకపోవచ్చు.

సమస్య: లినక్స్‌లో అప్‌టైమ్ కమాండ్ కొద్దిరోజులే చూపిస్తోంది.

అది చివరిసారి బూట్ అయినప్పటి నుంచే లెక్కపెడుతుంది. పాత చరిత్ర డబ్ల్యూటీఎంపీ అనే ఫైల్‌లో ఉంటుంది. లాస్ట్ కమాండ్‌కు ఎక్స్ ఆప్షన్ ఇచ్చి, రీబూట్, షట్‌డౌన్ అని అడగండి. రెండు రీబూట్ వరుసల మధ్య షట్‌డౌన్ వరుస లేకపోతే మెషిన్ ఉన్నపళంగా ఆగిందన్నమాట. చాలా సర్వర్లలో ఈ ఫైల్ నెలనెలా మారుతూ, పాతది ఒక్కటే మిగులుతుంది. ఆ పాతదాన్ని చిన్న ఎఫ్ (f) ఆప్షన్‌తో చదవాలి.

సమస్య: లినక్స్ లాగ్‌లు చూపే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌లో బూట్‌ల జాబితా అడిగితే ఒక్కటే వస్తోంది.

వార్ ఫోల్డర్‌లోని లాగ్ ఫోల్డర్ కింద జర్నల్ అనే ఫోల్డర్ లేకపోతే ఆ లాగ్ మెమరీలోనే ఉంటుంది, రీబూట్‌తో పోతుంది. ఈ లాగ్‌ను రాసే జర్నల్‌డీ సర్వీస్ కాన్ఫిగ్‌లో స్టోరేజ్‌ను పర్సిస్టెంట్ చేసి, ఆ సర్వీస్‌ను రీస్టార్ట్ చేయండి. పోయింది తిరిగి రాదు. అయితే మెసేజెస్ లేదా సిస్‌లాగ్ అనే పేరుతో పాత లాగ్ ఫైళ్లు ఉంటే "లినక్స్ వెర్షన్" అనే వరుస కోసం వెతకండి. లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్ లేచిన ప్రతిసారీ మొదట్లోనే దాన్ని రాస్తుంది.

సమస్య: విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వేల వరుసలు.

సిస్టమ్ లాగ్‌ను 6005, 6006, 6008, 1074 నంబర్లతో ఫిల్టర్ చేయండి. 6005 అంటే లేచింది, 6006 అంటే పద్ధతిగా ఆగింది, 1074 అంటే ఎవరో, ఏదో ప్రోగ్రామో ఆపింది. 6008 అంటే ఉన్నపళంగా ఆగింది, దీని దగ్గరే చాలామంది పొరబడతారు. ఆ ఈవెంట్ పక్కన ఉండే సమయం మెషిన్ మళ్లీ లేచాక రాసింది, ఆగిన సమయం సందేశం లోపల ఉంటుంది. ఈ రెండింటి తేడానే మీ డౌన్‌టైమ్, అంటే మెషిన్ ఆగి ఉన్న సమయం. ఇది తెలియకపోతే గంటల తరబడి ఆగిన రాత్రి కూడా రిపోర్టులో నిమిషాలకు కుదించుకుపోతుంది. ఈ లాగ్ డిఫాల్ట్ సైజు 20 ఎంబీ, నిండితే పాతవి చెరిగిపోతాయి. సైజు పెంచండి.

సమస్య: మెషిన్ ఆగలేదు, అయినా సాఫ్ట్‌వేర్ రాలేదని కౌంటర్‌వాళ్లు అంటున్నారు.

వాళ్ల మాట నమ్మండి. మెషిన్ వేరు, దానిమీద నడిచే డేటాబేస్ వేరు. ఒరాకిల్ డేటాబేస్‌లో అలర్ట్ లాగ్ తెరిచి "స్టార్టింగ్ ఒరాకిల్ ఇన్‌స్టెన్స్" వరుసలు ఏరండి. ఒరాకిల్‌లోనే ఉండే వీ డాలర్ ఇన్‌స్టెన్స్ అనే పట్టిక ఇప్పటి స్టార్ట్‌నే చూపిస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ లేచిన ప్రతిసారీ కొత్త ఎర్రర్ లాగ్ మొదలవుతుంది, డిఫాల్ట్‌గా పాతవి 6 మాత్రమే ఉంచుతుంది. అంటే ఎక్కువసార్లు పడిన సర్వర్‌కే చరిత్ర తక్కువ మిగులుతుంది. ఆ సంఖ్యను 99 దాకా పెంచవచ్చు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉన్నపళంగా ఆగితే, మళ్లీ లేచాక "లాస్ట్ నోన్ అప్ ఎట్" అని రాస్తుంది. ఆగిన క్షణానికి అది దగ్గరి గుర్తు మాత్రమే, కచ్చితమైన సమయం కాదు.

సమస్య: సమయాలు పొసగడం లేదు.

తేడా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలైతే ఆ లాగ్ యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం)లో ఉంది, ఆ తేడా కలుపుకోండి. తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. దాన్ని మార్చి, నెట్‌వర్క్ ద్వారా గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ పెట్టండి. ఆ పాత వరుసలకు యూపీఎస్ లాగ్‌తోనో, సబ్‌స్టేషన్‌లో ఫీడర్ (మీ ప్రాంతానికి కరెంటు తెచ్చే లైను) పోయిన వేళలు అడిగో సరిచూసుకోండి. అలా పట్టుకున్న సమయం ఎదురుగా రిపోర్టులో "అంచనా" అని తప్పకుండా రాయండి.