బోరు చేయించినా నీలిపొగ ఆగలేదా? బ్లాకు సబ్బుతో కడిగారా లేదా అడగండి

సమస్య

పాత టాటా 207, బొలెరో పికప్ లాంటి బండికి ఇంజిన్ బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) చెక్కించే పని పూర్తయింది. పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవే. కొన్నాళ్లు బాగానే లాగింది. ఆ తర్వాత సైలెన్సర్‌లో నీలిపొగ, ఇంజిన్ లోపలి గాలి వదిలే బ్రీదర్ పైపులో బ్యాక్ కంప్రెషన్ (గ్యాస్ వెనక్కి తోయడం), గేజి మీద ఆయిల్ రోజురోజుకీ కిందికి. ఇక "రింగులు డూప్లికేట్ అండీ" అనే మాట వస్తుంది, గొడవ స్పేర్ పార్ట్స్ షాపు మీదికి పోతుంది. డూప్లికేట్ సరుకు లేదని కాదు. కానీ అన్ని సిలిండర్ల రింగులూ ఒకేలా అరిగాయంటే తప్పు రింగులది కాకపోవడమే ఎక్కువ.

హెడ్డు విప్పకముందు

ఆయిల్ గేజి పై గీత దాటి పోశారేమో చూడండి. నవ్వొస్తుంది గానీ, దీనికే ఇంజిన్ దించిన వాళ్లున్నారు. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు, గైడ్లు చూసుకోండి, బోరు జోలికి పోవద్దు. ఐడిలింగ్‌లో ఆయిల్ మూత తీసి ఆ రంధ్రం మీదే తిరగేసి పెట్టండి. కాస్త వణికితే ఫర్వాలేదు, ఎగిరి పడితే రింగుల దారిలో గ్యాస్ దిగుతోంది.

ఎయిర్ క్లీనర్ తర్వాత ఉన్న రబ్బరు గొట్టం విప్పి లోపల వేలితో రాయండి. దుమ్ము అంటిందంటే గొట్టం చిట్లింది, లేదా క్లిప్పు వదులైంది. పరిటాల క్రషర్ల దగ్గర కంకర తోలే బండికి ఆ గొట్టం మార్చకుండా మళ్లీ బోరు చేయించడం డబ్బు దండగ.

అసలు దొంగ: హోనింగ్ పొడి

లేత్ షాపులో హోనింగ్ (బోరు గోడను రాయితో రుద్ది అడ్డగీతలు పెట్టడం) కొట్టినప్పుడు రాయి అరిగిన పొడి, ఇనుప రజను కలిసి బోరు మీది అడ్డగీతల్లో ఇరుక్కుంటాయి. ఆ గీతలు ఉండాల్సిందే, ఆయిల్ నిలిచేది వాటిలోనే. పొడి మాత్రం ఉండకూడదు. కడిగారా అని మిస్త్రీని అడిగితే "డీజిల్ కొట్టి గాలి పట్టాంగా" అంటాడు. బోరు అద్దంలా మెరుస్తుంది కూడా. డీజిలైనా కిరోసినైనా జిడ్డును కరిగిస్తుంది తప్ప గీతల్లోని పొడిని పైకి లేపదు. ఇంజిన్ తిరగ్గానే ఆ పొడి ఆయిల్లో కలిసి రింగులను, బేరింగులను, ఆయిల్ పంపును గీకడం మొదలుపెడుతుంది. లైనర్‌ని (బ్లాకులో బిగించే బోరు గొట్టం) ఎమరీ పేపరుతో రుద్దినా, వాల్వులకు పట్టించిన గ్రైండింగ్ పేస్ట్ హెడ్డులో మిగిలినా జరిగేది ఇదే.

విప్పాక దుమ్ముకీ ఈ పొడికీ తేడా ఇలా తెలుస్తుంది. గాలితో వచ్చిన దుమ్ము ముందు పై రింగునీ బోరు పైభాగాన్నీ తింటుంది, ఆయిల్ రింగు అంతగా అరగదు. లోపల మిగిలిన పొడి కిందనుంచి ఆయిల్‌తో పాటు వస్తుంది కాబట్టి ఆయిల్ రింగు బాగా అరుగుతుంది. సన్నగీతలా ఉండాల్సిన దాని అంచు వెడల్పుగా, నున్నగా అయిపోతుంది. బేరింగు షెల్‌ని వెలుతురులో తిప్పి చూస్తే మెత్తటి పూతలో గుచ్చుకున్న చిన్న చిన్న రేణువులు, వాటి వెనక తోకల్లా సన్నని గీతలు కనిపిస్తాయి. అది కనిపించాక ఇంకో అనుమానం అక్కర్లేదు.

పరిష్కారం

బోరు, క్రాంక్ మైక్రోమీటరుతో కొలిపించండి. లిమిట్‌లో ఉంటే తేలిగ్గా హోనింగ్ చేసి కొత్త రింగులు, బేరింగులు చాలు. దాటితే బోరు తర్వాతి ఓవర్‌సైజుకి (పెద్ద పిస్టన్లు పట్టే కొలతకి), క్రాంక్ అండర్‌సైజుకి పోవాల్సిందే.

బ్లాకు లేత్ షాపు నుంచి రాగానే ఆయిల్ గ్యాలరీ (బ్లాకు లోపలి ఆయిల్ దారులు) ప్లగ్గులన్నీ ఊడదీయండి. బాగా వేడినీళ్లు, బట్టల సబ్బు పొడి, గట్టి నైలాన్ బ్రష్షు. ఒక్కో బోరునీ నురగతో తోమండి. గ్యాలరీల్లోకి సన్న గుండ్రటి బ్రష్షు దూర్చండి. నీళ్లు చల్లారకముందే కడిగేసి, వెంటనే గాలి పట్టి, ఇంజిన్ ఆయిల్ రాయండి. ఆలస్యమైతే చూస్తుండగానే తుప్పు లేస్తుంది. ఇప్పుడు తెల్ల బనీను గుడ్డకు కొత్త ఆయిల్ తడి చేసి బోరులో గట్టిగా తిప్పండి. గుడ్డ మీద బూడిదరంగు చార పడితే మళ్లీ సబ్బు, మళ్లీ తోమడం. ఒక్కసారికే తెల్లగా వచ్చే బోరు అరుదు. క్రాంక్‌లోని ఆయిల్ రంధ్రాలకూ ఇదే మర్యాద. ఆయిల్ కూలర్ ఉంటే పూర్తిగా కడిగించండి. కడిగినా నమ్మకం లేకపోతే మార్చండి, పాత పొడి దాక్కునేది అక్కడే.

రింగును బోరులో పెట్టి పిస్టన్‌తో సమంగా కిందికి తోసి, దాని చివరల మధ్య గ్యాపును ఫీలర్ గేజితో (సన్న రేకుల గేజి) చూడండి. ప్రతి 25 మి.మీ. బోరుకు 0.1 మి.మీ. అన్నది మోటు లెక్క. 97 మి.మీ. బోరున్న 207 డీఐ ఇంజిన్‌కి దాదాపు 0.4 మి.మీ. అవుతుంది. రింగుల ప్యాకెట్ మీద వేరే అంకె ఉంటే అదే పాటించండి.

మిగతావి

పని అయ్యాక గంటల తరబడి ఐడిలింగ్‌లో వదిలేస్తే రింగులు కూర్చోవు, బోరు నున్నగా మెరుగెక్కి పొగ అలాగే ఉంటుంది. వేడెక్కాక మోస్తరు లోడుతో రోడ్డు మీద తిప్పండి, వేగం మారుస్తూ ఉండండి. మొదటి 500 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టరు మార్చేయండి. టర్బో ఉన్న బండికి ఇంటర్‌కూలర్ పైపు విప్పితే ఆయిల్ కారుతుంటే ముందు టర్బో సీలు, దాని డ్రెయిన్ పైపు చూడండి. పిస్టన్ తల పగలడం, రింగు విరగడం లాంటివి మొదలైతే చాలాసార్లు మోతే చెబుతుంది.