యేసు జనన కథను ఆ కాలంలో ఉంచి చదివే పద్ధతి

డిసెంబరు వచ్చిందంటే దేవరకొండ నుంచి గద్వాల దాకా చర్చిల్లో నాటికల హడావుడి మొదలవుతుంది. ఒకే పాకలో గొల్లలు, ముగ్గురు రాజులు, పైన నక్షత్రం. పిల్లల నాటికకు అది సరిపోతుంది. బైబిల్ స్టడీ నడిపేవాళ్లు కూడా ఆ దృశ్యంతోనే మొదలుపెడితే మాత్రం మొదటి అడుగే తప్పు పడుతుంది. ఆ దృశ్యం మత్తయిలో లేదు, లూకాలోనూ లేదు. రెండింటినీ కలిపి తర్వాతి తరాలవాళ్లు కట్టుకున్నది అది. చరిత్రలో పెట్టి చదవాలంటే ముందు కలిపినదాన్ని విడదీయాలి.

కావలసినవి బైబిలు, ఒక పొడుగు నోటుబుక్కు. చదవాల్సింది మత్తయి 1, 2 అధ్యాయాలు (48 వచనాలు), లూకా 1, 2 అధ్యాయాలు (132 వచనాలు). పేజీని మూడు వరుసలుగా గీయండి. మొదటి వరుసలో మత్తయి ఒక్కడే చెప్పినవి, రెండోదాంట్లో లూకా ఒక్కడే చెప్పినవి, మూడోదాంట్లో ఇద్దరూ చెప్పినవి రాయండి. ఒకరోజు మత్తయి, ఇంకోరోజు లూకా చదవండి. ఒకే పూట రెండూ చదివితే తెలియకుండానే కలిపేస్తాం.

మత్తయి కథ యోసేపు వైపు నుంచి నడుస్తుంది. దూత కలలో వస్తాడు, యోసేపు లేచి చెప్పినట్టు చేస్తాడు. ఆయన నోట ఒక్క మాట కూడా వినిపించదు. నజరేతు నుంచి బేత్లెహేముకు ప్రయాణమే లేదు. జ్ఞానులు బిడ్డను చూసింది ఇంట్లో (2:11). వాళ్లు ఎంతమందో మత్తయి చెప్పలేదు, రాజులనీ అనలేదు. రాజైన హేరోదుకు భయపడి పారిపోయిన ఐగుప్తు నుంచి తిరిగొచ్చాక, యూదయలో అతని కొడుకు అర్కెలాయు ఏలుతున్నాడని భయపడి నజరేతులో కాపురం పెడతారు. లూకా కథ మరియ వైపు నుంచి సాగుతుంది. నజరేతు వాళ్ల సొంత ఊరే. ప్రజాసంఖ్య కోసం బేత్లెహేము వెళ్తారు, ధర్మశాస్త్ర ప్రకారం యెరూషలేములో చేయాల్సినవి చేసి ఇంటికి తిరిగొస్తారు. ఐగుప్తు లేదు, హేరోదు కత్తి లేదు. పశువుల తొట్టి ఉంది గానీ గాడిద, ఎద్దు ఎక్కడా కనిపించవు.

మూడో వరుస చిన్నగానే వస్తుంది: మరియ, యోసేపు, దావీదు వంశం, పరిశుద్ధాత్మ వలన గర్భం, యేసు అనే పేరు, హేరోదు కాలం, బేత్లెహేములో పుట్టుక, నజరేతులో పెంపకం. చిన్నదైనా బరువైన వరుస ఇదే. ఇంత వేరువేరుగా నడిచే రెండు కథనాలు కలిసే చోట్లు ఇవి. ఒకరి ఖాళీని ఇంకొకరితో పూడ్చడం ఈ దశలో వద్దు.

ఇక కాలం. నల్లగొండ ఊళ్లలో పెద్దవాళ్లను పుట్టిన సంవత్సరం అడిగితే "పోలీసు యాక్షన్ అయిన ఏడు పుట్టిన" అనేవాళ్లు. అంటే 1948. లూకా కూడా అలాగే రాస్తాడు, పాలకుల పేర్లే ఆయనకు క్యాలెండరు. కాబట్టి పాలకుల తేదీలు పక్కన రాసుకోండి. రోము చక్రవర్తి ఔగుస్తు ఏలింది క్రీ.పూ. 27 నుంచి క్రీ.శ. 14 దాకా. హేరోదు చనిపోయింది క్రీ.పూ. 4లో అని ఎక్కువమంది చరిత్రకారుల లెక్క. అర్కెలాయును రోము తొలగించింది క్రీ.శ. 6లో. యూదయ నేరుగా రోము చేతికి వచ్చాక పన్ను కోసం సిరియ అధిపతి కురేనియ ప్రజాసంఖ్య రాయించింది అప్పుడే. లూకా 2:2 పేరు పెట్టి చెప్పేది ఈ కురేనియనే.

చిక్కు ఇక్కడే. హేరోదు చావుకూ కురేనియ ప్రజాసంఖ్యకూ మధ్య దాదాపు పదేళ్లు. పైగా క్రీ.శ. 6లో గలిలయ రోము ప్రత్యక్ష పాలనలో లేదు, హేరోదు ఇంకో కొడుకు హేరోదు అంతిప కింద ఉంది. అంతకుముందు ఇంకో ప్రజాసంఖ్య జరిగి ఉండాలని కొందరు వాదిస్తారు. లూకా రెండు జ్ఞాపకాలను ఒకచోట చేర్చాడని చాలామంది పండితులు అంటారు. క్లాసులో ఈ చిక్కును దాచకండి, అతికించి సర్దనూ వద్దు. ఇంటర్ చదివే పిల్లలు ఫోనులో వెతికి ఎలాగూ పట్టుకుంటారు. అప్పుడు మీ మాట మీదే కాదు, వాక్యం మీద కూడా అనుమానం వస్తుంది. రెండు వాదాలూ చెప్పి అసలు ప్రశ్నకు రండి: లూకా ప్రజాసంఖ్యను ఎందుకు తెచ్చాడు? ఆ ప్రజాసంఖ్యప్పుడే గలిలయుడైన యూదా తిరుగుబాటు లేవదీశాడు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు, అపొస్తలుల కార్యములు 5:37లోనూ ఉంది. ప్రజాసంఖ్య అనే మాట వినగానే ఆనాటి శ్రోతకు పన్ను, తిరుగుబాటు గుర్తొస్తాయి. ఈ కుటుంబం మాత్రం ఆజ్ఞకు లోబడి ప్రయాణమవుతుంది.

క్రీస్తు "క్రీస్తు పూర్వం" ఎలా పుట్టాడని ఎవరో ఒకరు అడుగుతారు. ఈ శకాన్ని క్రీ.శ. 525లో డయోనిసియస్ అనే సన్యాసి లెక్క కట్టాడు, లెక్కలో కొన్నేళ్లు తేడా వచ్చింది. అంతవరకు చెబితే చాలు.

దూత గొల్లలతో చెప్పిన మాటల దగ్గర మాత్రం ఎంతసేపైనా ఆగండి. రక్షకుడు, ప్రభువు, సువార్త, సమాధానం: ఇవన్నీ అప్పటికే చక్రవర్తికి వాడుతున్న మాటలు. నేటి టర్కీలో ఉన్న ప్రియేనేలో క్రీ.పూ. 9 నాటి శాసనం దొరికింది. ఔగుస్తు పుట్టినరోజు లోకానికి శుభవార్తలకు ఆరంభమని, ఆ రోజునే సంవత్సరాది చేయాలని అందులో ఉంది. ఇది చెప్పి లూకా 2:10-14 మళ్లీ గట్టిగా చదివించండి. అవే మాటలు తొట్టిలో ఉన్న బిడ్డ గురించి, రాత్రి మంద కాసే కూలోళ్లకు మొదట చెప్పారని వినేవాళ్లకే తడుతుంది.

లూకా 2:24 మీద కూడా వేలు పెట్టి చూపించండి. గువ్వల జత, లేదా రెండు పావురపు పిల్లలు. లేవీయకాండము 12 తీస్తే మగబిడ్డను కన్న తల్లి ఏడు రోజులు, తర్వాత ముప్పైమూడు రోజులు, మొత్తం నలభై రోజులకు గొర్రెపిల్లను తేవాలి. గొర్రెపిల్లకు శక్తి లేని ఇంటివాళ్లకే ఈ పక్షుల మినహాయింపు (12:8). ఆ ఇంటి పేదరికాన్ని లూకా ఒక్క వచనంలో చెప్పేశాడు, మనం ఆగకుండా దాటిపోతాం.

మత్తయి ఎత్తిచూపే ప్రవచనాలను అసలు చోట కూడా చదవాలి. కన్యక గర్భవతి అవుతుందనే మాట ఉన్న యెషయా 7 ఆహాజు రాజు కాలం నాటిది, క్రీ.పూ. 735 ప్రాంతం. ఇద్దరు రాజులు యెరూషలేము మీదికి వస్తుంటే ఆ గడియకే ఇచ్చిన సూచన అది. "ఐగుప్తు నుంచి నా కుమారుణ్ణి పిలిచాను" అనే హోషేయ 11:1 ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచి వచ్చిన, అప్పటికే జరిగిపోయిన నిర్గమాన్ని చెబుతోంది. మత్తయి వాటిని యేసులో మళ్లీ నిండినవిగా చూస్తాడు. పాత అర్థాన్ని తుడిచేసి చదివితే మత్తయి చేసిన పని కనిపించదు. నిర్గమకాండము 4:19 పక్కన మత్తయి 2:20 పెట్టి చదవండి, మోషే నీడ స్పష్టంగా తెలుస్తుంది. వంశావళిని వదిలేయకండి. పద్నాలుగు చొప్పున మూడు గుంపులు సరిపోవడానికి 1:8లో అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజులను తీసేశాడు. మరియ కాక తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య అని నలుగురు స్త్రీలను చేర్చాడు. ఎందుకో క్లాసునే అడగండి.

నాలుగు ఆదివారాలుంటే మొదటిది వరుసలు గీయడానికి, రెండోది పాలకులకు, మూడోది లూకాకు, నాలుగోది మత్తయికి ఇవ్వండి. నాలుగో వారం చాలామంది 2:12తో ఆపేస్తారు, జ్ఞానులు వెళ్లిపోగానే పండుగ అయిపోయినట్టు. 23వ వచనం దాకా చదవండి. బేత్లెహేము పిల్లల హత్య జోసెఫస్ రాతల్లో లేదు, ఆ సంగతి చెప్పాల్సిందే. బేత్లెహేము చిన్న ఊరు, అందుకే ఆ సంగతి రాతకెక్కకపోయి ఉండొచ్చు. హేరోదు భార్య మరియమ్నెనూ, సొంత కొడుకులు ముగ్గురినీ చంపించిన సంగతి మాత్రం జోసెఫస్‌లో ఉంది. అది కూడా చెప్పి, వినేవాళ్లనే తూచుకోనివ్వండి. ఐగుప్తు ప్రయాణం వినగానే పాలమూరు సంఘాల్లో బొంబాయి, పూణే వలసల మాట లేస్తుంది. మాట్లాడనివ్వండి, కానీ ముందు చరిత్ర పూర్తయ్యాకే. ఆ కుటుంబం పారిపోయింది కరువుకు కాదు, రాజుకు భయపడి. ఆ తేడా పట్టుకున్నాక వాళ్లు చెప్పే అనుభవం కూడా కథకు దగ్గరగా వస్తుంది.