బహుపదిలో ఎక్స్ బదులు మైనస్ ఎక్స్ పెట్టేటప్పుడు గుర్తులు తప్పకుండా ఎలా చేయాలి?

నల్గొండలో సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. దేవరకొండ నుంచి, మిర్యాలగూడ నుంచి బస్సెక్కి వచ్చి శ్రద్ధగా చదివే పిల్లలకు కూడా మార్కులు పోయేది ఈ మైనస్ దగ్గరే. చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే మిగతా లెక్కంతా వాళ్లకు వచ్చు.

ముందు బ్రాకెట్ అలవాటు చేసుకోండి. (−2)² అంటే 4. బ్రాకెట్ వదిలేసి −2² అని రాస్తే అది −4, ఎందుకంటే ఆ వర్గం 2 ఒక్కదానికే వర్తిస్తుంది.

తర్వాత ఘాతం చూడండి. సరి ఘాతమైతే పదం గుర్తు మారదు. బేసి ఘాతమైతే ఉన్న గుర్తు తిరగబడుతుంది. "బేసి కదా, మైనస్" అని గుడ్డిగా రాసేయకండి. ముందే మైనస్ ఉన్న పదం ప్లస్ అవుతుంది. స్థిర పదంలో ఎక్స్ లేదు కాబట్టి దాన్ని ముట్టుకోవద్దు.

ఎక్స్³ − 2ఎక్స్² − 5ఎక్స్ + 6

(−ఎక్స్)³ − 2(−ఎక్స్)² − 5(−ఎక్స్) + 6

−ఎక్స్³ − 2ఎక్స్² + 5ఎక్స్ + 6

పరీక్షలో టైమ్ లేదని టెన్షన్ పడి మధ్య లైన్ ఎగ్గొట్టకండి. సరిచూసుకోవడం కూడా తేలికే: కొత్త బహుపదిలో 1 పెడితే 8 వస్తుంది, పాతదాంట్లో −1 పెట్టినా 8 రావాలి. తేడా వస్తే బేసి ఘాతం ఉన్న పదాలు మళ్లీ చూడండి.

ఇదంతా మూలాలు, అంటే బహుపదిని సున్నా చేసే ఎక్స్ విలువలు, ఎన్ని ఉంటాయో లెక్కపెట్టడానికి పనికొస్తుంది. బహుపదిలో గుర్తు ఎన్నిసార్లు మారితే ధన మూలాలు అన్ని, లేదా అంతకంటే రెండేసి తక్కువ; మైనస్ ఎక్స్ పెట్టిన దాంట్లో మార్పులు అలాగే రుణ మూలాలను చెబుతాయి. ఇప్పుడు గుర్తులు మాత్రం విడిగా రాసుకోండి. మొదటి బహుపదిలో + − − +, అంటే రెండు మార్పులు. ధన మూలాలు రెండైనా ఉండాలి, అసలు లేకపోనైనా పోవాలి. మార్చిన దాంట్లో − − + +, ఒకటే మార్పు; కాబట్టి రుణ మూలం కచ్చితంగా ఒకటి. మూలాలు నిజంగానే 1, 3, −2. రెనే డెకార్ట్ 1637లో ప్రచురించిన నియమం ఇది. గుణకాలు వాస్తవ సంఖ్యలైతే సంకీర్ణ మూలాలు (వాస్తవ సంఖ్యలు కానివి) జంటగానే వస్తాయి, అందుకే మూలాల సంఖ్య మార్పుల కంటే తగ్గితే రెండేసి చొప్పున తగ్గుతుంది. ఒకే మూలం రెండుసార్లు వస్తే రెండుగానే లెక్క.

మధ్యలో పదాలు లేకపోతే వాటి గుణకాలు సున్నా అన్నమాట; ఆ సున్నాలను వదిలేసి మార్పులు లెక్కపెట్టండి. ఎక్స్⁴ − 3ఎక్స్² − 4లో అన్నీ సరి ఘాతాలే, మైనస్ ఎక్స్ పెట్టినా అదే బహుపది వస్తుంది. రెండు వైపులా ఒక్కో మార్పు: మూలాలు 2, −2. మిగిలిన రెండూ సంకీర్ణాలు.