పాత కారు ఇంజిన్ ఆయిల్ తాగేస్తోందా? కారణం ఎలా పట్టుకోవాలి, ఎలా సరిచేయాలి

ఆయిల్ పోసిన కొన్నాళ్లకే డిప్‌స్టిక్ కింది గీత దగ్గరికి వచ్చేస్తోందంటే, చాలామంది ముందుగా అనే మాట "రింగులు పోయాయి", అంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయని. ఆ ఒక్క మాట మీద ఇంజిన్ విప్పించకండి. అది చివర్లో తేల్చాల్సిన విషయం.

ముందు కొలవండి

కారును చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేసిన పది నిమిషాలకు ఆయిల్ చూడండి. పై గీత దాకా నింపి, కిలోమీటర్ల రీడింగు రాసుకోండి. 1000 కి.మీ. తిరిగాక అదే చోట మళ్లీ పై గీతకు నింపుతూ ఎంత పట్టిందో కొలవండి. మధ్యలో వారానికోసారి చూస్తూ, కింది గీత దాటనివ్వకండి. 1000 కి.మీ.కు పావు లీటరు లోపైతే, పాత ఇంజిన్ విషయంలో నేను పెద్దగా పట్టించుకోను. లీటరుకు దగ్గర పడితే మాత్రం కారణం వెతకాల్సిందే.

రాత్రిపూట కారు కింద అట్టముక్క వేసి మరకలు పడుతున్నాయేమో చూడండి. వాల్వ్ కవర్, సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి), ఆయిల్ ఫిల్టర్ చుట్టూ తడి ఉంటే గ్యాస్కెట్లు మారిస్తే సరిపోవచ్చు.

పొగ ఎప్పుడు వస్తోంది?

అన్నిటికన్నా ఎక్కువ సమాచారం ఇచ్చేది ఇదే. ఎవరినైనా వెనక వేరే బండిలో వచ్చి గమనించమనండి. ఆయిల్ కాలితే పొగ నీలంగా ఉంటుంది. తియ్యటి వాసనతో తెల్లగా వస్తే కూలెంట్, నల్లగా వస్తే ఇంధనం ఎక్కువవుతోంది; అవి వేరే జబ్బులు.

రాత్రంతా ఆగిన కారు ఉదయం స్టార్ట్ చేయగానే గుప్పున వదిలి, కాసేపటికి ఆగిపోతే వాల్వ్ సీల్స్‌ను (వాల్వ్ కాడల వెంట ఆయిల్ జారకుండా ఆపేవి) అనుమానించండి. సిలిండర్ల పైనుండే హెడ్‌లో నిలిచిన ఆయిల్ అరిగిన సీల్స్ గుండా సిలిండర్‌లోకి జారుతుంది. యాక్సిలరేటర్ వదిలేసి గేర్‌లోనే వాలు దిగి, కింద మళ్లీ తొక్కగానే పొగ వచ్చినా అనుమానం సీల్స్, గైడ్ల (వాల్వ్ కాడ కదిలే గొట్టాలు) మీదే. ఎత్తు ఎక్కుతున్నంతసేపూ, తొక్కినకొద్దీ వస్తుంటే రింగుల వైపు చూడాలి. టర్బో ఉంటే దాని గాలి పైపు విప్పి, లోపల ఆయిల్ నిలిచిందేమో చూడండి. పొగ కనబడనంత మాత్రాన ఆయిల్ కాలడం లేదనుకోవద్దు. కొద్దిపాటి పొగను పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్ దాచేస్తుంది.

చవకైన పని ముందు

ఇంజిన్ లోపలి ఆవిరులను మళ్లీ సిలిండర్లలోకి పంపే పీసీవీ వాల్వ్ ఇరుక్కుంటే ఇంజిన్ తన ఆయిల్‌ను తానే పీల్చుకుంటుంది. ఏ పెద్ద రిపేరుకైనా ముందు దాన్ని మార్చి, మళ్లీ 1000 కి.మీ. కొలవండి.

తర్వాత స్పార్క్ ప్లగ్గులు తీసి వరుసగా పెట్టండి. ఒక్కటే నల్లగా, జిడ్డుగా ఉంటే తప్పు ఆ సిలిండర్‌లో ఉంది.

కంప్రెషన్ పరీక్ష

పెట్రోల్ ఇంజిన్‌ను వేడిచేసి, ప్లగ్గులన్నీ తీసి, ఇంధనం, ఇగ్నిషన్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, స్టార్టర్‌తో తిప్పుతూ ప్రతి సిలిండర్‌లో ఎంత ఒత్తిడి (కంప్రెషన్) వస్తోందో గేజ్‌తో కొలవాలి. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. రీడింగు బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్.

రీడింగులన్నీ బాగుండి కూడా ఇంజిన్ ఆయిల్ తాగవచ్చు. కంప్రెషన్‌ను పట్టి ఉంచేవి పై రెండు రింగులు. కింద ఉండే ఆయిల్ రింగ్ మసి పట్టి బిగుసుకుపోతే ఈ పరీక్షలో దొరకదు.

రిపేరు

బిగుసుకున్న రింగుకు నానబెట్టే పద్ధతి ఉంది. ఇందుకోసమే అమ్మే క్లీనర్‌ను ప్లగ్గు రంధ్రాల్లోంచి పోసి రాత్రంతా ఉంచాలి. ఉదయం మిగిలిన ద్రవాన్ని లాగేసి, రంధ్రాలపై గుడ్డ కప్పి, ప్లగ్గులు లేకుండానే ఇంజిన్‌ను కాసేపు తిప్పండి. ద్రవం లోపలుండగా ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే పిస్టన్‌ను పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. వెంటనే ఆయిల్, ఫిల్టర్ మార్చండి. అరిగిన రింగుకు ఇది పనిచేయదు.

వాల్వ్ సీల్స్‌ను చాలా ఇంజిన్లలో హెడ్ దింపకుండానే, సిలిండర్‌లోకి గాలి ఒత్తిడి పెట్టి వాల్వులు జారకుండా ఆపి, మార్చవచ్చు. అది తెలిసిన మెకానిక్‌ను వెతకండి.

రింగులే అరిగాయని తేలితే, కొత్తవి కొనేముందు బోర్ (సిలిండర్ లోపలి గుండ్రటి గోడ) కొలిపించండి. అరిగిన బోర్‌లో కొత్త రింగులు వేయడం డబ్బు దండగ. పొగ ఆపుతామనే చిక్కటి సీసా మందులను నేను సిఫారసు చేయను. కారు పుస్తకం అనుమతిస్తే కాస్త చిక్కటి గ్రేడ్ ఆయిల్‌కు మారడం మేలు.

కొత్త రింగులు వేశాక మొదటి 1000 కి.మీ. దాకా కొంత ఆయిల్ తగ్గవచ్చు. రింగులు బోర్‌కు సర్దుకోవడానికి ఆ సమయం కావాలి. కొలత ఆ తర్వాతే తీసుకోండి.